చీటీ ఎవరు కట్టాలి, ఎవరు విప్పాలి: స్విచ్ పేజీలో వీలాన్ చిక్కుముడి

ఒడిశాలోని పర్లాకిమిడిలో నేను నెట్‌వర్కు పని చూసుకునే లాడ్జి ఒకటుంది. కింద కౌంటరు, పైన రెండంతస్తుల గదులు, పదహారు కెమెరాలు, అంతస్తుకొక వైఫై డబ్బా. నిరుడు వానలు పట్టకముందు యజమాని కబురుపెట్టాడు. నాకు వరసకు మావయ్య. "బాబూ, రాత్రి భోజనాలయ్యేసరికి గదుల్లో అందరూ ఫోన్లలో సినిమాలు పెట్టేస్తన్నారు, ఇక్కడ బిల్లు కదల్టం లేదు. అది సరే. మొన్న పన్నెండో గదిలో కుర్రోడు మన కెమెరాల పేజీ తన ఫోన్లో తెరిచి, ఇదేటండీ పాస్‌వర్డ్ అడుగుతంది అని నాకే చూపించాడు. ఇదెక్కడి గొడవ?" అన్నాడు.

ఆ గొడవ మెట్ల కింద అరలో ఉన్న మామూలు స్విచ్‌ది, అంటే నెట్‌వర్కు తీగలన్నీ వచ్చి కలిసే డబ్బాది. దానికి తెలిసిన విద్య ఒక్కటే. ఏ పోర్టు (తీగ గుచ్చే బెజ్జం) వెనక ఏ మ్యాక్ అడ్రసు (ప్రతి పరికరానికీ పుట్టుకతో వచ్చే నంబరు) ఉందో చూసి నేర్చుకుంటుంది, ఆ అడ్రసుకు వచ్చినదాన్ని ఆ పోర్టుకే పంపుతుంది. తెలియని అడ్రసైనా, అందరికీ అంటూ వచ్చే బ్రాడ్‌కాస్ట్ అయినా అన్ని పోర్టులకీ వడ్డించేస్తుంది. బిల్లు కంప్యూటరు, కెమెరా, గదిలో కుర్రాడి ఫోను, దాని లెక్కలో అందరూ ఒకే పంక్తి. పంక్తులు వేరు చెయ్యాలంటే మూడు స్విచ్‌లు కొని మూడు రకాల తీగలు లాగాలి. లేదా ఒక్క స్విచ్ చేతే మూడు వేషాలు వేయించాలి. ఆ రెండో పనికే మేనేజ్డ్ స్విచ్, దాని లోపల ఒక వెబ్ పేజీ.

ఆ పేజీలో మెనూలు ముప్పై ఉంటే మనం తాకేవి ఐదారు. వాటిలో మనిషిని ఏడిపించేది మాత్రం ఒక్కటే, వీలాన్ పేజీ. వీలాన్ అంటే ఒకే స్విచ్‌లో విడదీసిన ఒక్కో పంక్తి, ప్రతిదానికీ ఒక నంబరు. పని నేర్చుకునే కుర్రాళ్లు తరచూ అడిగేది కూడా దాని గురించే: పోర్టు 5ని వీలాన్ 20లో పెట్టానని ఒకచోట చెప్పాను కదా, మళ్లీ పీవీఐడీ అని ఇంకోచోట అదే 20 ఎందుకు వేయమంటుంది? అది ఒకే ప్రశ్నను రెండుసార్లు అడగడం కాదు. అడిగేవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. అది మనసుకెక్కితే మిగతాదంతా గుమాస్తా పనే.

ముందు ఆ పేజీ దాకా చేరాలి. కొత్త స్విచ్ తన అడ్రసు తానే వేసుకుని పెట్టెలోంచి దిగుతుంది. టీపీ-లింక్‌వి చాలావరకు 192.168.0.1, డీ-లింక్‌వి 10.90.90.90, సిస్కో చిన్న వ్యాపారాల రకం 192.168.1.254, మైక్రోటిక్‌వి 192.168.88.1. నెట్‌గేర్ స్మార్ట్ రకాలు ముందు డీహెచ్‌సీపీని (నెట్‌వర్కులో అడ్రసులు పంచిపెట్టే ఏర్పాటుని) అడిగి చూస్తాయి, ఎవరూ పలక్కపోతే 192.168.0.239 దగ్గర సర్దుకుంటాయి. పెట్టె అడుగున అంటించిన కాగితం చూసుకోవడం అన్నిటికన్నా మేలు. ల్యాప్‌టాప్‌కి అదే వరసలో ఒక అడ్రసు చేత్తో ఇవ్వాలి. స్విచ్ 10.90.90.90 అయితే మనది 10.90.90.91, మాస్క్ 255.255.255.0.

ఇక్కడే ఒక గుంట ఉంది. ల్యాప్‌టాప్ వైఫై కట్టెయ్యకుండా 192.168.0.1 కొడితే తెరుచుకునేది స్విచ్ పేజీ కాకపోవచ్చు, లాడ్జి రౌటర్ పేజీ కావచ్చు. అడ్రసు అదే, పాస్‌వర్డ్ అడిగే పెట్టె కూడా అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్ తప్పంటోంది, స్విచ్ పాడై వచ్చిందని కంపెనీకి ఫోను చేసినవాళ్లు నాకు తెలుసు. వైఫై ఆపి, తీగ ఒక్కటే ఉంచి, అప్పుడు కొట్టాలి. ఇక కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ ఎర్రగా అరుస్తుంది. స్విచ్ తన సర్టిఫికెట్ మీద తానే సంతకం పెట్టుకోవడం వల్ల వచ్చే అరుపది. మీ తీగ నేరుగా ఆ స్విచ్‌లోనే ఉంటే దాటి వెళ్లొచ్చు. లోపలికి వెళ్లగానే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

బ్రౌజర్ మరో సాయం కూడా చేస్తానంటుంది, ఈ పేజీని తెలుగులోకి మార్చమంటావా అని. ఒకసారి సరే అన్నాను. పోర్టులన్నీ ఓడరేవులయ్యాయి, ట్రంక్ కాస్తా తొండమైంది. "ఓడరేవు 5, తొండం" అని చదివి నేనూ, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడూ పావుగంట నవ్వుకున్నాం. జనం నోట్లో ఉన్న భాషే రాతలో ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఇక్కడ కూర్చుని పోర్టుని ఓడరేవు అనడానికి నాకు నోరు రాదు. పోర్టు పోర్టే, ట్యాగ్‌ని మాత్రం చీటీ అంటాను. కుర్రాళ్లకి అలా చెబితేనే ఎక్కుతోంది.

చీటీ ఎందుకో మా పాత రైలు లైను చూస్తే తెలుస్తుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు అప్పట్లో రెండున్నర అడుగుల గేజి. పెద్ద లైను మీద వచ్చిన సరుకు నౌపడలో దించి, చిన్న పెట్టెల్లోకి ఎక్కించాల్సి వచ్చేది. ఒకే పెట్టెలో టెక్కలి మూట, పాతపట్నం మూట, పర్లాకిమిడి మూట, గుణుపూర్ మూట కలిసి వస్తాయనుకోండి. మూట మీద చీటీ లేకపోతే ఏది ఎక్కడ దించాలో ఎవరికి తెలుస్తుంది? అదే మూట షావుకారు కొట్లోకి చేరాక చీటీతో పని లేదు. వచ్చినవన్నీ ఆయనవే కాబట్టి విప్పి పారేస్తాడు.

స్విచ్‌ల మధ్య, లేదా స్విచ్‌కీ రౌటర్‌కీ మధ్య ఉన్న ఒక్క తీగ మీద మూడు నెట్‌వర్కుల సరుకు కలిసి నడిచేటప్పుడు కావలసింది ఈ చీటీయే. దీని కొలతలు ఐఈఈఈ 802.1క్యూ ప్రమాణం 1998లో ఖాయం చేసింది. ఫ్రేములో, అంటే తీగ మీద నడిచే ఒక్కో మూటలో, పంపినవారి అడ్రసు పక్కనే నాలుగు బైట్లు చొప్పిస్తారు. మొదటి రెండు బైట్లలో హెక్సా లెక్కన 8100 ఉంటుంది, ఇక్కడ చీటీ ఉందన్న గుర్తు. మిగతా 16 బిట్లలో 3 ప్రాధాన్యానికి, 1 రద్దీలో ఏది వదిలెయ్యొచ్చో చెప్పడానికి, 12 వీలాన్ నంబరుకి. 12 బిట్లకు 4096 నంబర్లు వస్తాయి. 0, 4095 పక్కన పెట్టేశారు కాబట్టి మనకు దక్కేవి 1 నుంచి 4094. లాడ్జికి మూడు చాలు. కౌంటరుకి 10, కెమెరాలకి 20, గదుల్లో దిగేవాళ్లకి 30 అనుకున్నాం.

ఇప్పుడు ఆ రెండు ప్రశ్నలు. వీలాన్ సభ్యత్వం పేజీ అడిగేది బయటికి పోయే సరుకు గురించి: వీలాన్ 20 సరుకు ఈ పోర్టులోంచి బయటికి పోవచ్చా, పోతే చీటీతో పోవాలా, చీటీ విప్పి పోవాలా? పీవీఐడీ పేజీ అడిగేది లోపలికి వచ్చే సరుకు గురించి: చీటీ లేని మూట ఈ గుమ్మంలోంచి లోపలికి వస్తే దానికి ఏ నంబరు చీటీ కట్టాలి? కెమెరా చీటీ కట్టి పంపదు, దానికి ఆ సంగతే తెలియదు. అది ఏ గుమ్మంలోంచి వచ్చిందో చూసి స్విచ్చే కట్టాలి. కాబట్టి కెమెరా పోర్టుకి సభ్యత్వంలో 20 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 20. ఒకటి పోయే దారి, ఒకటి వచ్చే దారి. నంబరు ఒకటే కావడం వల్లే ఇంత తికమక.

ఒకదాన్ని మరిచిపోతే ఏమవుతుందో చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. పీవీఐడీ 20 వేశారు, సభ్యత్వం మరిచారు. కెమెరా ఐపీ కోసం వేసిన కేక 20లోకి వెళ్తుంది, రౌటర్ అడ్రసు ఇవ్వజూపుతుంది, కొన్నిటి లిస్టులో కూడా ఇవ్వజూపినట్టు కనిపిస్తుంది. జవాబు మాత్రం ఆ పోర్టులోంచి బయటికి రాదు. రౌటర్ ఇవ్వబోయానంటుంది, కెమెరా అందలేదంటుంది, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కొన్ని స్విచ్‌లలో ఇన్‌గ్రెస్ ఫిల్టరింగ్ అనేది ముందే వేసి ఉంటుంది. సభ్యత్వం లేని నంబరుతో వచ్చినదాన్ని అది గుమ్మం దగ్గరే ఆపేస్తుంది కాబట్టి అక్కడ రౌటర్ దాకా కేకే పోదు.

దీనికి తలకిందులు ఇంకొకటి. సభ్యత్వంలో 20 వేశారు, పీవీఐడీ పాత 1 దగ్గరే వదిలేశారు. అప్పుడు కెమెరా కేక పాత నెట్‌వర్కులోకి పోయి, అక్కడ డీహెచ్‌సీపీ ఇంకా నడుస్తూ, పోర్టుకి పాత 1 సభ్యత్వం కూడా మిగిలి ఉంటే 192.168.0 వరసలో పాత అడ్రసే తెచ్చుకుంటుంది. ఇది మహా మోసం. పైకి చూస్తే కెమెరా పలుకుతోంది, అంతా బాగున్నట్టే ఉంటుంది, నెట్‌వర్కులు మాత్రం విడిపోలేదు. మూడో మరపు మెత్తగా ఉంటుంది. 20లో చేర్చారు, పీవీఐడీ మార్చారు, పాత వీలాన్ 1 సభ్యత్వం మాత్రం తీసెయ్యలేదు. పాత నెట్‌వర్కులోని కేకలన్నీ ఆ పోర్టుకి ఇంకా వినిపిస్తూనే ఉంటాయి. అందుకే కెమెరా ఏ వరస ఐపీ తెచ్చుకుందో చూడందే నేను మెట్లు దిగను.

అన్ని కంపెనీల పేజీలూ ఈ రెండు ప్రశ్నల్నీ విడిగా అడగవు. నెట్‌గేర్ రకంలో పోర్టు గడి మీద నొక్కుతూ పోతే ట్యాగ్డ్ గుర్తు, అన్‌ట్యాగ్డ్ గుర్తు, ఖాళీ అలా మారుతుంటుంది. పీవీఐడీకి ఇంకో పేజీ. సిస్కో తీరు వేరు. యాక్సెస్ (ఒక్క వీలాన్, చీటీ లేకుండా), ట్రంక్ (చాలా వీలాన్లు, చీటీలతో) అని రెండు మాటలు పెట్టి, యాక్సెస్ 20 అనగానే పోయేదీ వచ్చేదీ తానే సరిచేసుకుంటుంది. పని కానివ్వడానికి అదే హాయి. నేర్చుకోవడానికి మాత్రం గడుల పేజీయే మంచిదంటాను, లోపల ఏం జరుగుతోందో దాచదు కాబట్టి. చవక రకాల్లో పోర్టు-బేస్డ్ వీలాన్ అని ఇంకో మెనూ ఉంటుంది. అది ఒక్క స్విచ్‌లోనే పోర్టుల్ని విడదీసే పాత పద్ధతి, అందులో చీటీలు ఉండవు. ఒకే తీగ మీద మూడు నెట్‌వర్కులు రౌటర్ దాకా పోవాలంటే అది పనికిరాదు. 802.1క్యూ అని రాసినదే ఎంచుకోవాలి.

లాడ్జి స్విచ్‌కి 24 పోర్టులు, పంచుకున్న తీరు ఇది. 1వ పోర్టు రౌటర్‌కి, అందులో 10, 20, 30 మూడూ చీటీలతోనే. 2 నుంచి 4 కౌంటరు: 10 చీటీ లేకుండా, పీవీఐడీ 10. 5 నుంచి 20 దాకా పదహారు కెమెరాలు, 21 వాటి వీడియో దాచే రికార్డర్: ఇవన్నీ 20 చీటీ లేకుండా, పీవీఐడీ 20. 22, 23 వైఫై డబ్బాలు. కొంచెం ఆగి చూడాల్సింది వీటిని. డబ్బా సొంత అడ్రసు, కౌంటరువాళ్ల వైఫై పేరు 10లో చీటీ లేకుండా వెళ్తాయి, గదులవాళ్ల వైఫై పేరుకి డబ్బానే 30 చీటీ కట్టి పంపుతుంది. అంటే ఈ పోర్టులో 10 అన్‌ట్యాగ్డ్, 30 ట్యాగ్డ్, పీవీఐడీ 10. చీటీ కట్టి వచ్చిన మూట జోలికి పీవీఐడీ పోదు, చీటీ లేనిదాన్నే పట్టించుకుంటుంది. ఒకే గుమ్మంలోంచి రెండు రకాలూ పోట్లాడకుండా నడవడానికి కారణం అదే.

24 నాది. అందులో ల్యాప్‌టాప్ పెట్టుకుని మిగతా అన్నీ మారుస్తాను, దాన్ని మాత్రం వీలాన్ 1లోనే, పెట్టెలోంచి వచ్చినట్టే ఉంచుతాను. ఈ ఆచారం ఊరికే రాలేదు. ఈ పనికి కొత్తలో, వేరే ఊళ్లో, 2వ పోర్టులో ల్యాప్‌టాప్ పెట్టుకుని 2వ పోర్టు పీవీఐడీనే 10 చేసి అప్లై నొక్కాను. పేజీ తిరుగుతోంది, తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. స్విచ్ సొంత అడ్రసు వీలాన్ 1లో కూర్చుని ఉంది. నా మాటలన్నిటికీ స్విచ్ 10 చీటీ కట్టేస్తోంది, కట్టమన్నది నేనే. గదిలోంచే గదికి బయట గొళ్లెం పెట్టుకున్నట్టయింది. చివరికి రీసెట్ బెజ్జంలో పిన్నీసు గుచ్చి పది సెకన్లు పట్టుకుంటే గానీ పేజీ తిరిగి రాలేదు. దాంతోపాటు మధ్యాహ్నం నుంచి చేసినదంతా పోయింది.

స్విచ్‌లో వీలాన్‌లు వేస్తే పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. మ్యాక్ అడ్రసులే చూసే మామూలు స్విచ్ (లేయర్ 2 అంటారు) పంక్తులు విడదీస్తుంది, ఒక పంక్తి నుంచి ఇంకోదానికి కూర గిన్నె అందించదు. ఆ పని రౌటర్‌ది. కేబుల్‌వాళ్లు ఇచ్చే ఇంటి రౌటర్లలో చాలావాటి ఇంటి వైపు పోర్టులకు చీటీలు చదవడం రాదు. చీటీతో పంపితే మూగనోము పడతాయి. వీలాన్ తెలిసిన రౌటర్ పెట్టి, అందులో మూడు గడపలు కట్టాలి: 192.168.10.1, 192.168.20.1, 192.168.30.1, ఒక్కోదానికి ఒక్కో డీహెచ్‌సీపీ. తరవాత ఫైర్‌వాల్‌లో, అంటే ఏది పోవచ్చో ఏది ఆగాలో రాసే చోట, 30 నుంచి 10కీ 20కీ దారి మూసెయ్యాలి, 10 నుంచి 20కి తెరవాలి. లేకపోతే కౌంటరులో కూర్చుని రికార్డర్ చూడలేరు. ఈ మూత వెయ్యకపోతే పన్నెండో గది కుర్రాడికి కెమెరా పేజీ మళ్లీ తెరుచుకుంటుంది, ఈసారి రౌటర్ మీదుగా. చాలా రౌటర్లు నెట్‌వర్కుల మధ్య దారిని తెరిచే ఉంచి వస్తాయి. మావయ్య మొదటి బాధ, బిల్లు కదలకపోవడం, వీలాన్‌తో సగమే తీరుతుంది. బయటికి పోయే ఇంటర్నెట్ గొట్టం ఒక్కటే కదా. 30వ నెట్‌వర్కుకి రౌటర్‌లో వేగం పరిమితి పెట్టాకే కౌంటరు ఊపిరి పీల్చుకుంది.

అదే పేజీలో ఉన్న పవర్ మెనూ గురించి ఒక మాట. తీగలోంచే కరెంటు ఇచ్చే పద్ధతి 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రకారం పోర్టుకి 15.4 వాట్ల వరకు, 2009 నాటి 802.3ఏటీ ప్రకారం 30 వాట్ల వరకు. అయితే స్విచ్ మొత్తానికి కూడా ఒక హద్దు ఉంటుంది, అన్ని పోర్టులకీ ఒకేసారి నిండుగా ఇచ్చే స్తోమత చాలావాటికి లేదు. పగలంతా పలికిన కెమెరాల్లో రెండు రాత్రి ఏడింటికి చచ్చిపోతున్నాయంటే దయ్యమూ కాదు, తీగా కాదు. చీకటి పడగానే అన్ని కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి లెక్క హద్దు దాటుతోంది. పేజీలో ఒక్కో పోర్టు ఎన్ని వాట్లు లాగుతోందో రాత్రిపూట చూడాలి. ఇంకో సుఖం కూడా ఇక్కడే ఉంది. బిగుసుకుపోయిన కెమెరాకి నిచ్చెన ఎక్కక్కర్లేదు, ఆ పోర్టుకి కరెంటు ఆపి మళ్లీ ఇస్తే చాలు.

లూపు సంగతి క్లుప్తంగా. గది తుడిచే మనిషి కింద వేలాడే తీగ కొసను చూసి, పాపం, ఖాళీ పోర్టులో పెట్టేస్తాడు. రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పడ్డాయంటే బ్రాడ్‌కాస్ట్ గిరగిరా తిరుగుతూ పెరిగిపోయి అన్ని దీపాలూ ఒక్కసారే పిచ్చెత్తినట్టు కొట్టుకుంటాయి. దీనికి మందు స్పానింగ్ ట్రీ, లూపు పడ్డ దారిని తానే మూసేసే పద్ధతి, 1985లో డెక్ అనే కంప్యూటర్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టింది. పేజీలో అది వేసి ఉందో లేదో చూసి, పాత రకం కాకుండా దాని వేగం రకం ఆర్‌ఎస్‌టీపీ ఎంచుకోండి. పాతదైతే పోర్టు తెరవడానికి 15, 15 కలిపి 30 సెకన్లు ఆలోచిస్తుంది, అంతలో కంప్యూటరు ఐపీ అడిగి అడిగి విసిగిపోతుంది.

ఇక సేవ్. లాడ్జిలో పని సాయంత్రానికి అయిపోయింది. పదహారు కెమెరాలూ 20 వరస అడ్రసులు తెచ్చుకున్నాయి, నా ఫోనుని గదుల వైఫైలో పెట్టి రికార్డర్ అడ్రసు కొడితే తెరుచుకోలేదు, మావయ్య టీ తెప్పించాడు. రాత్రి పదకొండింటికి గాలివాన, మెరుపులు, కరెంటు పోయింది. స్విచ్‌కి ఇంకా యూపీఎస్ పెట్టలేదు. తెల్లారి ఆరింటికి ఫోను: "బాబూ, నిన్న పలికినియ్యి ఇయ్యాల ఒక్కటీ పలకట్లేదు." చాలా స్విచ్‌లలో అప్లై నొక్కితే మార్పు వెంటనే అమలవుతుంది, కానీ ఉండేది జ్ఞాపకంలోనే. కరెంటు పోతే అదీ పోతుంది. శాశ్వతంగా రాయాలంటే పైన మూలనో, సిస్టమ్ మెనూలోనో సేవ్ అని ఇంకో మీట ఉంటుంది. నేను మధ్యాహ్నం దాకా చేసినవి సేవ్ చేశాను, ఆ తరవాత చేసినవి చెయ్యలేదు. రౌటర్ కొత్త లెక్కలో ఉంది, స్విచ్ సగం పాత లెక్కలోకి పోయింది. అయితే నన్ను పిన్నీసు నుంచి కాపాడగలిగేదీ ఈ గుణమే. తప్పు మార్పు చేసి బయట చిక్కుకుంటే, సేవ్ చెయ్యలేదు కాబట్టి కరెంటు తీసి పెడితే పాత స్థితికి వస్తుంది. అందుకని అప్లై, పరీక్ష, ఆ తరవాతే సేవ్. అప్లై చెయ్యగానే తనంతట తానే రాసేసుకునే రకాలు కూడా ఉన్నాయి, వాటి దగ్గర ఈ ఉపాయం పారదు. ముందే తెలుసుకోండి.

రెండోరోజు గంటలో తిరిగి చేశాను, సేవ్ నొక్కాను, ఈ అమరికలన్నీ ఉండే కాన్ఫిగ్ ఫైలు దించి నా దగ్గరొకటి, మావయ్య మెయిల్లో ఒకటి పెట్టాను. ర్యాక్ తలుపు లోపల పోర్టుల కాగితం అంటించాను. పై వరస తెలుగులో నేను రాశాను, కింద కుర్రాడు ఒడియాలో రాశాడు, ఎందుకంటే రేపు నేను లేనప్పుడు తలుపు తీసేది ఎవరో తెలియదు. 24 పక్కన రెండు భాషల్లోనూ ముట్టుకోవద్దని ఉంది. నెల తిరక్కుండా మావయ్య ఫోను. "కరెంటు పోయొచ్చింది, అన్నీ పలుకుతున్నాయి గానీ బాబూ, ఆ ఇరవైనాలుగు ఖాళీగా ఉందని టీవీవాడు తీగ దూర్చేశాడు. టీవీ రావట్లేదని నా మీద ఎగురుతున్నాడు, ఏటి చెప్పను?"